చెవిరాయి చెప్పినంతే చెప్పాలి

మలుగుపాము పాము కాదు, చేప. దాని ఎముకలు సన్ననివి, సులభంగా చెదిరిపోతాయి. లెబనాన్ సున్నపురాళ్లలో సుమారు 9.5 కోట్ల ఏళ్లనాటి మలుగులు అస్థిపంజరాలతో సహా దొరకడం అదృష్టమే. చాలాచోట్ల మిగిలేది చెవిరాయి ఒక్కటే.

చేప తలలో రెండు వైపులా మూడేసి చెవిరాళ్లుంటాయి. వినడానికీ, శరీరాన్ని సమతూకంగా నిలుపుకోవడానికీ ఇవి తోడ్పడతాయి. కాల్షియం కార్బొనేట్ పొరలు పొరలుగా పేరుకొని ఇవి పెరుగుతాయి. వీటిలో పెద్దరాయికి లోపలివైపు ఒక గాడి ఉంటుంది. ఆ గాడి తీరునూ, రాయి అంచునూ నేటి చేపల రాళ్లతో పోల్చి, ఇది కోంగర్ కుటుంబపు మలుగు అనో, మరొకటనో శాస్త్రజ్ఞులు గుర్తిస్తారు.

"అంత చిన్న రాయిని చూసి చేప పేరు చెప్పడం ఊహే కదా!" అని కొందరంటారు. నేను ఒప్పుకోను. పోలిక సరిగా కుదిరితే అది ఊహ కాదు, సాక్ష్యం. అయితే సాక్ష్యానికీ హద్దుంది. నీటిలో దొర్లి అరిగిన రాయిలో, లేత చేప రాయిలో గుర్తులు స్పష్టంగా ఉండవు. అప్పుడు జాతి పేరు పెట్టకుండా కుటుంబం దగ్గరే ఆగాలి. 1884లో ఉత్తర జర్మనీ శిలాజ చెవిరాళ్లను వర్ణించిన ఎర్న్‌స్ట్ కోకెన్ వాటి పేర్ల ముందు 'ఓటోలిథస్', అంటే చెవిరాయి, అని చేర్చాడు. తాను చూసింది రాయినే తప్ప చేపను కాదని ఆ మాటే చెబుతుంది.

నేటి చేపల రాళ్లను ఎంత సేకరిస్తే నాటి చేపలను అంత బాగా గుర్తించగలం. ఇంట్లో చేప తల వండిననాడు వెతకండి. తెల్లని రాయి దొరికితే కడిగి, ఆరబెట్టి, చేప పేరు వ్రాసి దాచండి. పేరు వ్రాయని రాయి పోలికకు పనికిరాదు.