ఏడు చూపిస్తే ఏడవాల్సిందే

నాకీమధ్య ఒక మాట వింటే ఒళ్ళు మండిపోతోంది. "డిజిటల్ కద్సార్, కరెక్టుగానే చూపిస్తుంది" అనే మాట. అక్వేరియం షాపు వాడంటాడు, ఆఫీసులో నా పక్క సీటు వాడంటాడు, కిందటేడు దాకా నేనూ అనేవాణ్ణి. అందరికంటే గట్టిగా నేనే అనేవాణ్ణేమో కూడా.

సంగతేంటంటే, మా ఇంట్లో మూడడుగుల మొక్కల ట్యాంకు ఉంది. అందులో మొక్కలు గుబురుగా పెరగాలని సిలిండర్ పెట్టి కార్బన్ డయాక్సైడ్ వదులుతాను. ఆ గ్యాసు కరిగిన కొద్దీ నీళ్ళ పీహెచ్ పడిపోతుంది. అందుకని నీళ్ళలో ఒక పీహెచ్ ప్రోబ్ వేలాడదీసి, దాని వైరు ఒక కంట్రోలర్‌కి తగిలించి, 6.6 దాటితే వాల్వు తెరువు, కిందికొస్తే మూసెయ్ అని చెప్పి పెట్టాను. రెండు లైన్ల ఇఫ్-ఎల్స్. బీటెక్ చదివిన ప్రతివాడికీ చూడగానే ముద్దొచ్చే సిస్టం. "ఫ్యాక్టరీలోనే క్యాలిబ్రేట్ అయి వస్తుంది సార్, టైమర్ కూడా అక్కర్లేదు, పెట్టేసి మర్చిపోండి" అన్నాడు అమ్మినవాడు. మర్చిపోవడంలో మనకి సాటెవరు!

ఎనిమిది నెలలు బానే నడిచింది. ఒక ఆదివారం ప్రోబ్‌కి పాచి పట్టిందని పాత టూత్‌బ్రష్షు తీసుకుని, దాని చివరుండే గాజు బుడ్డిని పళ్ళు తోమినట్టు తోమాను. తోమాక మనసాగక, డబ్బాతో పాటు వచ్చిన 6.86 బఫర్ పొట్లం కలిపి ముంచితే 6.97 చూపించింది. ఆ మాత్రం తేడా పర్లేదనుకున్నా. ట్యాంకులో పెడితే అక్కడా 6.97. అరె, 6.6 ఉండాల్సింది ఏడు దాకా వచ్చిందంటే గ్యాసు చాలట్లేదన్నమాట అనేసుకుని, సెకనుకి రెండు బుడగలు పోయేదాన్ని నాలుగు చేశాను.

ఆ రోజుల్లో మా అమ్మ ఊర్నించి వచ్చి ఉంది. సాయంత్రం పిలిచింది. "ఒరేయ్, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేంట్రా?"

నేను ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి చూశాను. చేపల వైపు కాదు, డిస్‌ప్లే వైపు. "6.97 ఉందమ్మా, బ్రహ్మాండంగా ఉంది. ఆకలేమో" అన్నాను. పాపం ఆవిడ చిటికెడు మేత వేసింది. "తినట్లేదురా నాన్నా" అంది. "తింటాయిలే" అన్నాను.

తెల్లారేసరికి ఇరవై రెండు కార్డినల్ టెట్రాలు, ఏంజెల్ జంట, నాలుగు కోరీలు పోయాయి. రెండు కోరీలు మాత్రం ఓ మూల కొట్టుకుంటున్నాయి. వాల్వు ఇంకా తెరిచే ఉంది. డిస్‌ప్లే మీద ఇంకా 6.97.

అప్పుడు తెలివొచ్చి రెండో పొట్లం కలిపాను, 4.01ది. 6.97. వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి పిండాను. 6.97! (అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ 1934లో తన మొదటి మీటరు తయారుచేసిందే నిమ్మరసం ఎంత పులుపో కొలవడానికి. ఆయన చూసుంటే ఏమనేవాడో.)

నాకు చేపలు పోయినదానికంటే ఎక్కువ కోపం తెప్పించిన విషయం ఇక్కడుంది. పీహెచ్ ప్రోబ్ అంటే పల్చటి గాజు బుడ్డి. దాని లోపల పీహెచ్ 7 ఉన్న ద్రవం పోసి మూసేస్తారు. బయటి నీళ్ళకీ లోపలి ద్రవానికీ ఉన్న తేడాని బట్టి గాజుకి రెండు వైపులా ఓల్టేజీ పుడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ యూనిట్‌కీ 59.16 మిల్లీవోల్టులు. బయటా లోపలా ఒకటే అయితే సున్నా. సున్నా వస్తే మీటరు 7 అని రాస్తుంది. ఇప్పుడు బుడ్డికి కంటికి కనపడని పగులొచ్చిందనుకోండి, లోపలా బయటా కలిసిపోతాయి. తేడా లేదు. సున్నా. కనెక్టర్‌లో తడి చేరి షార్టయినా అంతే. అంటే ప్రోబ్ చచ్చిపోతే మీటరు చూపించేది ఎర్రరు కాదు, నీళ్ళు చక్కగా ఉన్నాయని!

సర్వర్ కాలిపోయినా "ఓకే" అని జవాబిచ్చే హెల్త్ చెక్ ఎవడైనా రాస్తే వాణ్ణి కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం. నేను చేసిన పరీక్ష ఇంకా ఘోరం. చచ్చిన ప్రోబ్ 7 చూపిస్తుంది కదా, దాన్ని దాదాపు 7 ఉన్న బఫర్‌లోనే ముంచి "పాస్" అనుకున్నాను. ఒక్క బఫర్‌తో చూడటం క్యాలిబ్రేషన్ కాదండీ, ఆత్మవంచన. రెండుండాలి. మొక్కల ట్యాంకయితే 6.86, 4.01. సముద్రపు చేపలో, మలావీ సిక్లిడ్లో ఉంటే 6.86, 9.18. రెండిటి మధ్యా ప్రోబ్ ఎన్ని మిల్లీవోల్టులు కదిలిందో చూడాలి. దాన్నే స్లోప్ అంటారు. రావాల్సిన దాంట్లో 85 శాతం కూడా రాకపోతే ఆ ప్రోబ్‌ని పారెయ్యాలి. ఎంత బాగా చూసుకున్నా చాలా ప్రోబులు ఏడాది, రెండేళ్ళు వస్తాయంతే.

"అబ్బా, పాయింటు రెండో మూడో తేడా వస్తే చేపలు చస్తాయా?" అంటాడు మా పక్క సీటు వాడు. ఒరే బాబూ, అది లాగ్ స్కేలు. కేహెచ్ 4 ఉన్న నీళ్ళలో పీహెచ్ 6.6 అంటే లీటరుకి దాదాపు 30 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్. 6.3 అంటే 60. 6.0 అంటే 120. ప్రోబ్ 0.3 ఎక్కువ చూపిస్తే చాలు, కంట్రోలర్ పోసే గ్యాసు రెట్టింపవుతుంది. మనకేమో స్క్రీను మీద చక్కగా 6.6 కనపడుతూనే ఉంటుంది.

వాడి రెండో వాదన, "నా దాంట్లో ఏటీసీ ఉంది." ఆ అక్షరాల్లో సీ అంటే క్యాలిబ్రేషన్ అనుకునేవాళ్ళని ఇప్పటికి నలుగుర్ని చూశాను. అది టెంపరేచర్ కాంపెన్సేషన్ బ్రదరూ. వేడిని బట్టి ఆ 59 మిల్లీవోల్టుల లెక్కని సవరిస్తుంది, అంతే. ప్రోబ్ ముసలిదైన సంగతి దానికి తెలీదు.

ఇహ మైక్రోకంట్రోలర్ బోర్డుకి ప్రోబ్ తగిలించి ఫోన్లో గ్రాఫు చూసుకునే మా వాళ్ళు వేరే జాతి. "చూడు, గీత ఎంత నున్నగా ఉందో" అని మురిసిపోతారు. గ్యాసు వదిలే ట్యాంకులో పగలు పీహెచ్ దిగాలి, రాత్రి ఎక్కాలి. గీత నున్నగా ఉందంటే వెంటనే వెళ్ళి ప్రోబ్ చూడండి.

పీహెచ్ అసలు కొలవక్కర్లేదు, చేపలు అలవాటు పడతాయి అనే పెద్దలతో నాకు సగం గొడవ లేదు. గ్యాసు లేని మామూలు ట్యాంకుకి ప్రోబ్ దండగే. చుక్కలేసి రంగు చూసుకునే సీసా చాలు. కానీ ఒక్కసారి వాల్వు తాళం ప్రోబ్ చేతికిచ్చాక ఆ మాట చెల్లదు.

అమ్మేవాళ్ళని మాత్రం వదలను. ఆ గాజు ఎప్పుడూ తడిగా ఉండాలనీ, డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే పాడవుతుందనీ, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలనీ (100 మిల్లీలీటర్లకి 22 గ్రాములు, బ్రహ్మవిద్యేం కాదు) ఒక్కడంటే ఒక్కడు చెప్పడు. రుద్దకూడదు, టిష్యూతో అద్దాలి అని చెప్పడు. సున్నం పట్టితే కాసేపు వెనిగర్‌లో ముంచి కడిగితే పోతుందనీ చెప్పడు. కొన్నవాళ్ళేమో డబ్బా విప్పిన రోజే అయిదు నక్షత్రాలు పెట్టేస్తారు. డబ్బా విప్పిన రోజు ప్రతి ప్రోబూ నిజమే చెప్తుంది! ఎనిమిదో నెల్లో చెప్పండి నాయనా.

పాత షాపుకే వెళ్ళి 4.01 బఫర్ ఇవ్వమని అడిగాను. "ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేద్సార్" అన్నాడు. గొప్పగానే చెప్పాడు. అక్కడ గోడకి మూడు కంట్రోలర్లు వేలాడుతున్నాయి, మూడూ ఆన్‌లో ఉన్నాయి. మూడు ప్రోబుల తలలూ గాల్లో ఎండుతున్నాయి.

ఇప్పుడు నా వాల్వు మామూలు టైమర్ మీద నడుస్తోంది. ప్రోబ్‌కి అలారం కొట్టే అధికారం తప్ప ఇంకేం లేదు. చూడ్డానికి బాలేదని పీకి పారేసిన డ్రాప్ చెకర్ మళ్ళీ అద్దానికి అతికించాను. ఆకుపచ్చగా ఉంటే సరే, పసుపయితే గ్యాసు ఎక్కువైనట్టు. నెలకోసారి పావుగంట. బఫర్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, "చేపలు పైకొస్తున్నాయా?" అని. లేదమ్మా అని చెప్పే ముందు ఇప్పుడు లేచి వెళ్ళి చూసొస్తున్నాను. ఉంటా మరి, ఇవాళ ఒకటో తారీఖు, రెండు గ్లాసులు కడగాలి.