పోలీసు అధికారం, పాలకుల విధి

బడి వేళలో వీధిలో కనబడిన బాలుని పోలీసు పట్టుకొనవచ్చునా? ఇంగ్లండులో 1998 నాటి శాసనం అందుకు వీలు కల్పించింది. అయితే అది అరెస్టు కాదు; బాలుని బడికో, స్థానిక సంస్థ ముందుగా నిర్ణయించిన చోటికో చేర్చే అధికారం మాత్రమే. అట్టి చోటు నిర్ణయం కానిదే పోలీసుకు ఆ అధికారమే లేదు.

మన దేశంలోనూ ఇట్టి ఏర్పాటు కావలెననేవారు ఉన్నారు. వారి ఆందోళన నిరాధారం కాదు. బడి విడిచిన బాలుడు పనిలో చిక్కుకొనడానికీ, చెడు సావాసాల పాలు కావడానికీ ఎంతో కాలం పట్టదు.

కాని 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టం వేరొక మార్గాన్ని అనుసరించింది. 6 నుండి 14 ఏండ్ల పిల్లల హాజరును కనిపెట్టి ఉండే బాధ్యతను ప్రభుత్వంపైన, స్థానిక సంస్థలపైన ఉంచింది. పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అన్నదే గాని, వారికి శిక్ష విధించలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, చట్టవిరుద్ధంగా పనిచేస్తున్న లేక యాచిస్తున్న బాలుని 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలసి ఉంది. కేవలం బడి మానినవాడు ఆ కోవలోకి రాడు.

సూరత్ శివారున, హజీరా మార్గంలో ఉన్న ఇచ్ఛాపూర్ వంటి పారిశ్రామిక ప్రాంతంలో ఈ ప్రశ్న స్వరూపమే మారిపోతుంది. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి వెళ్లిన కుటుంబాలు అనేకం. అక్కడి నగరపాలక పాఠశాలలలో తెలుగు మాధ్యమానికి చోటు దొరికింది కూడా. అయినా వలస కూలీ బిడ్డ పగటిపూట వీధిలో ఉన్నాడంటే, అతని పేరు ఏ రిజిస్టరులోనూ లేకపోవచ్చు. సమీపంలోని బడిలో చెప్పే భాష అతనికి రాకపోవచ్చు. ఇంట్లో చంటిపిల్లను కనిపెట్టుకొని ఉండవలసి రావచ్చు. పోలీసు అతనిని ఏ బడికి చేరుస్తాడు? “నీ బడి ఏది?” అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది బాలుడు కాదు, పాలనాయంత్రాంగం.

వయస్సు రుజువు లేదనీ, బదిలీ పత్రం రాలేదనీ ప్రవేశం నిరాకరించరాదని చట్టమే చెబుతోంది. వలస కుటుంబాల పిల్లల జాబితా తయారుచేసి, ఆ నిబంధనను అమలు జరపడం ప్రథమ కర్తవ్యం. పోలీసుకు పని లేదని కాదు: బాలుని పనిలో పెట్టుకొన్న యజమానిపై కేసు పెట్టే అధికారం అతనికి ఇప్పటికే ఉంది. దానిని వినియోగించకుండా బాలుని వెంటపడే కొత్త అధికారం కోరడం సముచితం కాదు.