ఖాళీగానే ఉంటావు కదా వదినా!

మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ చేస్తే నేను ఎత్తను. ఆ టైములో గూడ్సు బండి నడుపుతూ ఉంటాను. నవ్వండి, ఫర్వాలేదు. మావారు నవ్వారు, మా ఆడపడుచు నవ్వింది. పక్కింటావిడైతే "ఈ వయసులో వీడియో గేములేంటండీ!" అని బుగ్గలు నొక్కుకున్నారు. అదే టైములో సీరియల్ చూస్తున్నానంటే ఎవరూ ఏమీ అనరు. జాకెట్లు కుడుతున్నానంటే మెచ్చుకుంటారు. ఎవరికీ పనికిరాని ఆట ఒకటి ఇల్లాలు ఆడుకుంటే మాత్రం ఎందుకో అందరికీ గుచ్చుకుంటుంది.

మావాడు ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్తూ ఇంట్లో వదిలేసిన కంప్యూటర్‌లో ఉంది ఈ ట్రైన్ సిమ్ వరల్డ్. వాడే ఫోన్లో నేర్పించాడు. ప్యాసింజరు బళ్ళు నాకు నచ్చలేదు. టైముకి ఆపడం, తలుపులు తియ్యడం, అందరూ ఎక్కారో లేదో చూసుకోవడం... పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో నేను చేసేది అదేగా! నన్ను పట్టుకుని వదలనిది అమెరికాలో, కాలిఫోర్నియాలో ఉన్న కహోన్ పాస్ అనే కొండ దారి. శాన్ బెర్నార్డినో ఊరి నుంచి కొండ నెత్తికి సుమారు పాతిక మైళ్ళలో దాదాపు 2,700 అడుగులు ఎక్కాలి. 1885లో వేసిన పాత లైను మీద కొంత దూరం నూరడుగులకి మూడడుగుల ఎత్తు. మన ఫ్లైఓవర్ ముందు అదేం లెక్క అనిపిస్తుంది. కానీ ఇనప పట్టా మీద ఇనప చక్రం, వెనకాల వేల టన్నుల సరుకు. ఆ వాలుకి భయపడే 1913లో పక్కన ఇంకో లైను కొంచెం తక్కువ వాలుతో, నూటికి 2.2 చొప్పున, చుట్టు తిప్పి వేశారు.

ఎక్కడం కష్టమనుకున్నాను మొదట్లో. కాదండీ. ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. చక్రాలు జారితే పట్టాల మీద ఇసక వదలొచ్చు, నిజం రైళ్ళకైతే వెనక కూడా ఇంజన్లు పెట్టి తోయిస్తారు. ప్రాణాల మీదకి వచ్చేది దిగేటప్పుడే.

దిగేటప్పుడు రెండు రకాల బ్రేకులు. ఒకటి ఇంజనుది. చక్రాల్ని తిప్పే మోటార్లే ఎదురు తిరిగి కరెంటు తయారుచేస్తాయి, ఆ కరెంటు వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది, బండి నెమ్మదిస్తుంది. రెండోది గాలి బ్రేకు. బండి పొడుగునా ఒక గొట్టం, ప్రతి పెట్టెకీ ఒక గాలి ట్యాంకు. గొట్టంలో గాలి తగ్గిస్తే ప్రతి పెట్టెకీ బ్రేకు పడుతుంది. చిక్కంతా ఎక్కడంటే, అమెరికా గూడ్సు బండికి ఈ బ్రేకు ఎక్కువ పడితే కొంచెం సడలించడం కుదరదు. వదిలితే పూర్తిగా వదలాల్సిందే. మళ్ళీ ట్యాంకులు నిండడానికి నిమిషాలు పడుతుంది. ఈలోగా కొండ ఊరుకోదు. వేగం పెరుగుతుంది, మళ్ళీ వేస్తాం, ఈసారి బలం తక్కువ. ఇలా మూడు నాలుగుసార్లు వేసి వదిలితే ఇంక గాలి మిగలదు. నా మొదటి వారం బళ్ళన్నీ అలాగే పోయాయి. మావాడు ఫోన్లో "అమ్మా, ముందు బండి బరువెంతో చూసుకున్నావా?" అన్నాడు. చూసుకోలేదు. ఆ కాగితం ఒకటి ఉంటుందనే నాకు తెలియదు.

అప్పుడు చెప్పాడు వాడు 1989 మే 12న అదే కొండ మీద జరిగిన ప్రమాదం గురించి. తర్వాత నేనూ వెతుక్కుని చదివాను. ఆ పక్కనే ఉన్న సదరన్ పసిఫిక్ వాళ్ళ లైను మీద 69 పెట్టెల గూడ్సు దిగుతోంది. అందులో ఉన్నది ట్రోనా అనే ఖనిజం. దాంట్లోంచే బట్టలుతికే సోడా తీస్తారు. సరుకు కాగితంలో బరువు రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. గుమస్తా అంచనాగా పెట్టెకి 60 టన్నులు వేశాడు. నిజానికి ఒక్కోటీ 100 టన్నులు. మొత్తం బండి ఆరువేల చిల్లర టన్నులని కాగితం చెప్పింది, దిగింది తొమ్మిది వేలకి దగ్గర. పైగా కొన్ని ఇంజన్లలో బ్రేకు పనిచెయ్యట్లేదు. వెనకనుంచి సాయం చేసే ఇంజన్లలో ఒకదానికి బ్రేకు లేదని వెనక డ్రైవరుకి తెలుసు, ముందు డ్రైవరుకి తెలియదు. బండి చెయ్యి దాటి, వంపు దగ్గరికి వచ్చేసరికి గంటకి సుమారు 110 మైళ్ళ వేగంలో ఉంది. డఫీ స్ట్రీట్ అనే వీధిలో ఇళ్ళ మీద పడింది. బండివాళ్ళు ఇద్దరు, ఇళ్ళల్లో ఇద్దరు పిల్లలు పోయారు. పదమూడు రోజులకి అక్కడే భూమిలో ఉన్న పెట్రోలు గొట్టం పగిలి అంటుకుని ఇంకో ఇద్దరు.

ఆ గుమస్తాని నేను చాలా రోజులు తిట్టుకున్నాను. ఇంటిసంగతి చెప్తాను, ఎందుకు మానేశానో మీకే తెలుస్తుంది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అత్తయ్యగారు బాత్రూంలో పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, పదకొండు రోజులు ఆస్పత్రి. ఆ పదకొండు రోజులూ చుట్టాలంతా ఉన్నారు. ఒకరు క్యారేజీ తెస్తే ఒకరు రాత్రి పడుకునేవారు, ఆడపడుచు ఊరునుంచి వచ్చి కూర్చుంది. ఇంటికి తీసుకొచ్చిన రోజున "హమ్మయ్య, గండం గట్టెక్కింది" అని అందరూ బళ్ళెక్కారు.

నాకు అప్పుడే మొదలైంది. రాత్రి ఒంటిగంటకోసారి, నాలుగింటికోసారి లేచి ఆవిడని పక్కకి తిప్పడం, మందులు నాలుగు పూటలా, వ్యాయామం రెండుసార్లు, స్నానం, పక్కబట్టలు, అన్నం మెత్తగా వేరే వండటం. (అత్తయ్యగారు బరువని కాదు. ఆవిడ ఈ బ్లాగు నాచేత చదివించుకుని వింటారు, ఇది రాయమన్నదీ ఆవిడే.) నా మోకాలు వాచింది. మావారికి చెప్పలేదు. ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తారు, ఎందుకులే అని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మరిది ఫోన్. వాళ్ళ మూడేళ్ళ బాబుని డే కేర్‌లో సరిగ్గా చూడట్లేదట. "పొద్దున్న నీ దగ్గర దింపి సాయంత్రం తీసుకెళ్తాం. ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా వదినా!"

మంచివాడండీ, మనసులో ఏమీ పెట్టుకుని అన్నమాట కాదు. నా నోట్లో "సరే నాన్నా" సిద్ధంగా ఉంది కూడా. అప్పుడు గుర్తొచ్చాడు గుమస్తా. మా మరిదికి ఆ "ఖాళీ" ఎవరు రాసిచ్చారు? నేనే. ఇరవైరెండేళ్ళుగా ఎవరడిగినా "ఏముంది, నేను చూసుకుంటాలే" అంటూ పెట్టెకి అరవై చొప్పున వేస్తూ వచ్చింది నేనే. పైగా వెనకనుంచి తోస్తూ, నా బ్రేకు పోయిందని ముందాయనకి చెప్పనిదీ నేనే.

"వారం ఆగి చెప్తాను" అన్నాను. మావాడి పాత నోటుపుస్తకంలో ఏడు రోజులు రాశాను. ఏ పనికి ఎంతసేపు, రాత్రి ఎన్నిసార్లు లేచాను, అన్నీ. మా అమ్మకి చెప్తే కోప్పడింది. "లెక్కలు రాసుకుంటే అది సంసారమా, కిరాణా కొట్టా?" అంది. అమ్మ మాటకి విలువిస్తాను గానీ ఇక్కడ మాత్రం ఒప్పుకోను. నేను డబ్బడగలేదు. ఇంటిపనికి జీతం కట్టాలా అన్నది వేరే గొడవ. నేనడిగింది తూకం. ప్రేమ ఉన్నచోట తూకం అక్కర్లేదంటారు, కానీ ప్రేమ ఉన్నంతమాత్రాన మోకాలు వాయకుండా ఉండదుగా. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు దేశమంతా సర్వే చేస్తే ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. (ఆ 97 మా వీధి లెక్క మాత్రం కాదు.) పిల్లల్నీ రోగుల్నీ చూసుకోవడం అందులో కలవదు, దాన్ని వేరే లెక్కేశారు.

పుస్తకం ముందు మావారికే ఇచ్చాను. చదివి ఏమీ అనకుండా బాల్కనీలోకి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి ఒంటిగంటకి అలారం మోగింది, నాది కాదు. అప్పట్నుంచి ఒంటిగంట ఆయనది, నాలుగింటిది నాది. ఆదివారం వీడియో కాల్‌లో అందరికీ ఆయనే చదివి వినిపించారు. ముగ్గురూ తలా కొంత వేసుకుని పొద్దుటిపూటకి ఒకావిడని పెట్టారు. బాబు సంగతి మాత్రం కుదరదని నేనే చెప్పాను. మరిది నొచ్చుకున్నాడు. శనివారాలు వచ్చి అమ్మని చూసుకుంటానన్నాడు, రెండు శనివారాలు వచ్చాడు, తర్వాత రాలేదు. ఇప్పటికీ ఫోన్లో కొంచెం ముభావంగానే మాట్లాడతాడు. తోడికోడలు అసలు చెయ్యడమే మానేసింది. అది నాకు బాధగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. అలాగని ఆరోజు "సరే" అనుంటే బాగుండేదని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆమధ్య కిరండూల్ లైను మీద అరకు వెళ్ళినప్పటి ఫోటోలు అత్తయ్యగారికి చూపించాను. అక్కడా ఇంతే, ఘాట్ ఎక్కేవి ఖాళీ వ్యాగన్లు, ఇనప ఖనిజంతో నిండుగా విశాఖ వైపు దిగేవి బరువు బళ్ళు. ఇప్పుడావిడ వాకర్ పట్టుకుని మెల్లగా వచ్చి, రెండున్నరకి నా పక్క కుర్చీలో కూర్చుంటున్నారు. బండి కదలకముందే "బరువు చూశావా?" అని అడుగుతారు. నిన్న చూశాను, అన్నీ సరిగ్గానే పెట్టాను. మధ్యలో కుక్కర్ కూత పెడితే లేచి వెళ్ళొచ్చేసరికి వేగం చెయ్యి దాటింది. వంపులో పల్టీ కొట్టింది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వడమే, కుట్లు లాగుతున్నాయంటూనే.