పెంపునకు వచ్చిన పిల్లికూన

మూగజీవుల శరణాలయమునుండి పిల్లికూనను దెచ్చి పెంచుకొనవలెనను కోరిక మన విద్యార్థులలో ననేకులకు గలదు. కోరిక మంచిదే. అయినను దెచ్చుట యొక పూట పనియనియు, పెంచుట పదునైదేండ్ల పనియనియు తెలిసి తెచ్చువారు కొందఱే యని మాకు దోచుచున్నది. ఇంటిలో బెరిగిన పిల్లి 12 మొదలు 18 ఏండ్లవఱకు బ్రదుకుట సాధారణము. నేడు ఆఱవ తరగతి చదువు బాలుడు తెచ్చిన కూన, అతడు కళాశాల ముగించి యుద్యోగమునకై పొరుగూరు పోవునాటికిని గడపలో గూర్చుండియే యుండును. అప్పుడు దానికి గిన్నె పెట్టువారెవరు? ఈ ప్రశ్నకు బాలుడు గాక వాని తల్లియే జవాబు చెప్పవలసియున్నది. కావున తలిదండ్రుల సమ్మతి లేక, పుట్టినదినపు కానుకగా గాని, పరీక్షలో నెగ్గినందుకు బహుమానముగా గాని కూనను దెచ్చుటకు మేము సమ్మతింపము. పిల్లి యెదురువచ్చిన ప్రయాణము మానుకొనువారి యింటను దానికి సుఖముండదు. అట్టివారు మొదటనే వలదనుట మేలు.

దిక్కులేని జంతువులకు ఇల్లు కట్టుట క్రొత్త యాలోచన కాదు. 1860లో లండను నగరమున మేరీ టీల్బీ యను నామె తప్పిపోయిన కుక్కలకొఱ కొక యాశ్రయము స్థాపింపగా పత్రికలు పరిహసించినవి. 1883 నుండి అక్కడ పిల్లులను గూడ చేర్చుకొనుచున్నారు. మన హైదరాబాదులో బ్లూ క్రాస్ సంస్థ 1992లో ఏర్పడెను. ఇట్టి చోట్ల స్థలము కొద్ది, వచ్చు ప్రాణులు పెక్కు. పిల్లులకు వాంతులు విరేచనములు గలిగించు ఘోరమైన యంటుజాడ్య మొకటి యున్నది. టీకా పడని కూనలు గుంపుగా నున్నచోట అది ప్రవేశించినచో ననేకములు చచ్చును. కావున ఒక కూన యొక యింటికి చేరుట దానికి మాత్రమే గాక, వెనుక మిగిలినవానికిని మేలు.

ఇల్లు సొంతమా అద్దెయా, యజమాని యొప్పుకొన్నాడా, సెలవులకు ఊరు పోయినచో చూచువారెవరు అని శరణాలయమువారు ప్రశ్నించినచో కొందఱు నొచ్చుకొందురు. పిల్లి నిచ్చుటకు పిల్లనిచ్చునంత విచారణయా యని యొక పెద్దమనిషి పరిహాసమాడగా వింటిమి. ఆ విచారణ తగినదే యని మా మతము. ఎనిమిది వారములైనను నిండని కూన నీయమన్నచో వారు కాదనుటయు న్యాయమే. తోబుట్టువులతో గుద్దులాడుచు, ఎంత గట్టిగా కఱచిన ఎదుటిదానికి నొచ్చునో కూన నేర్చుకొనున దప్పుడే.

ఇక ఇంటికి దెచ్చిన తరువాతి సంగతి. మన యిండ్లలో క్రొత్తకోడలు వచ్చిననాడు వాడకట్టంతయు చూడవచ్చినట్లు, కూన వచ్చిననాడును పిల్లలందఱు మూగి చేతులు మార్చుకొందురు. దానికి అంతకు మించిన బాధ లేదు. పరిచయములేని వాసనలు, పరిచయములేని కంఠములు, దాగుటకు చోటు లేదు! కావున మొదట దాని కొక్క గదియే చాలును. ఒక మూల నీళ్లును ఆహారమును, వానికి దూరముగా ఇంకొక మూల ఇసుకపళ్లెమును, ప్రక్కకు త్రోసిపెట్టిన యొక అట్టపెట్టెయు నుంచవలెను. అది మంచము క్రిందనో బీరువా వెనుకనో దూరి ఒకటి రెండు దినములు వెలికి రాకపోవచ్చును. చేయిపెట్టి లాగరాదు. ఇంటి విద్యార్థి ఆ గదిలోనే నేలపై గూర్చుండి తన పాఠమును మెల్లగా పైకి చదువుకొనిన చాలును. పాఠమును వచ్చును, కూనకు వాని గొంతును పరిచయమగును. అది తానై వచ్చి వ్రేలు వాసన చూచినప్పుడు కన్నులలోనికి తేరిపాఱ చూడక, ఱెప్పలు మెల్లగా వాల్చి తెఱవవలెను. అది పిల్లి భాషలో స్నేహము. శరణాలయములో తినుచుండిన యాహారమునే మొదట పెట్టి, వారము దినములలో కొంచెము కొంచెముగా మార్చవలెను. నేలపై మలవిసర్జన చేసినచో దాని ముక్కు రుద్దుట మన పెద్దలలో నొక యలవాటు. దానివలన కూనకు భయమే కలుగును గాని శుచి యలవడదు. పళ్లెము ననుదినము శుభ్రపఱచిన నది తానే నేర్చును.

పాలు, పెరుగన్నము అనువానిని గూర్చి మా మాట కొందఱికి రుచింపకపోవచ్చును. తల్లిపాలు మానిన కూనలలో ననేకములకు ఆవుపాలు గాని గేదెపాలు గాని అఱుగక విరేచనములగును. పిల్లి మాంసాహారి. టారిన్ అను పదార్థము మాంసమునందే దానికి దొరకును; అది లేనిచో కాలక్రమమున చూపు పోవును, గుండె చెడును. మాంసము వండని యింటివారు పిల్లుల కొఱకు తయారుచేసి యమ్ము నాహారమైనను కొనవలెను; అదియు సమ్మతము కానిచో వేఱొక ప్రాణిని పెంచుకొనవలెను. మన ఆచారమును మూగప్రాణి కడుపుమీద రుద్దుట న్యాయము కాదు. ఉల్లి, వెల్లుల్లి దానికి హానికరములు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకము.

టీకాలు ఆఱెనిమిది వారములనుండియే ప్రారంభింపవలసియుండును. రేబిస్ టీకా పండ్రెండు వారములు నిండిన పిమ్మట వేయుట వాడుక. కూన కఱచినను రక్కినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను. పిల్లలు దీనిని ఇంట దాచరాదు. ఆడుకూన నాలుగైదు నెలలకే చూలు దాల్పవచ్చును. చూలు తొమ్మిది వారములు; ఈతకు నాలుగైదు పిల్లలు సాధారణము. గొడ్డుచేయు శస్త్రచికిత్స పాపమని వెఱచువారు, ఆ పిల్లలను గోనెసంచిలో గట్టి చేపల బజారులో విడుచుటకు మాత్రము వెఱువరు. ఇది మాకు వింతగా నున్నది. పెంచినవాడు సరియైన కారణము లేక ప్రాణిని ఆకలిదప్పులకు గుఱియగునట్లు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. నాడు మొదటి తప్పునకు విధించిన జుల్మానా 50 రూపాయలకు మించదు. చట్ట మింత మెత్తనైనదని యెవరును సంతసింపనక్కఱలేదు. నిజముగా పెంచలేని స్థితి వచ్చినవారు కూనను తెచ్చినచోటికే తిరిగి యప్పగించి, దాని టీకా చీటిని గూడ వెంట నీయవలెను.