తప్పు యూజర్‌దేనా?

మా సాఫ్ట్‌వేర్‌ వాళ్లకు ఓ దురలవాటు. మేం చేసిన యాప్‌ని జనం సరిగ్గా వాడకపోతే 'వాళ్లకి వాడటం రాదు' అనేస్తాం. నేనూ చాలాసార్లు అన్నా. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన ఓ మందు పరీక్ష గురించి చదివాక ఆ మాట అనడానికి నోరు రావట్లేదు.

హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే మాత్రలు ఎప్పట్నుంచో ఉన్నాయి. రోజూ వేసుకుంటే బాగా పనిచేస్తాయి కూడా. కానీ అక్కడి అమ్మాయిల్లో చాలామంది రోజూ వేసుకోలేకపోయారు. బద్ధకం అనుకోకండి. మాత్రల డబ్బా ఇంట్లో ఎవరి కంటైనా పడితే 'నీకు ఆ జబ్బుందా?' అంటారు. బాయ్‌ఫ్రెండ్‌ అనుమానిస్తాడు. ఆ డబ్బాని రోజూ ఎక్కడని దాచుకుంటారు, చెప్పండి?

పరిశోధకులు వాళ్లకి క్లాసు పీకి ఊరుకోలేదు. వేరే దారి వెతికారు. అదే లెనకపవిర్‌ ఇంజెక్షన్‌. పొట్ట దగ్గర చర్మం కింద ఇస్తే ఆరు నెలలపాటు మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరుతుంది. దాచుకోవాల్సిన డబ్బా ఉండదు.

'పర్పస్‌ 1' అనే ఈ పరీక్షలో 16 నుంచి 25 ఏళ్ల అమ్మాయిలు 5,300 మందికి పైగా పాల్గొన్నారు. 2024 జులైలో కేప్‌టౌన్‌ డాక్టర్‌ లిండా-గేల్‌ బెకర్‌ మ్యూనిక్‌ సదస్సులో ఫలితాలు చెప్పారు. ఇంజెక్షన్‌ గ్రూపులోని 2,134 మందిలో హెచ్‌ఐవీ సోకింది ఎందరికో తెలుసా? సున్నా! మాత్రలిచ్చిన రెండు గ్రూపుల్లో కలిపి 55 మందికి సోకింది. రక్త పరీక్షలు చేసి చూస్తే, మాత్రలు సరిగ్గా వేసుకున్నవాళ్లు తక్కువేనని తేలింది.

మరి ధర? అమెరికాలో ఏడాదికి 28 వేల డాలర్లకు పైనే. అయితే 2025 సెప్టెంబరులో మన హైదరాబాద్‌ కంపెనీలు డాక్టర్‌ రెడ్డీస్‌, హెటిరో జనరిక్‌ మందు ఇస్తామని ముందుకొచ్చాయి. 2027 నుంచి 120 దేశాలకు, ఏడాదికి దాదాపు 40 డాలర్లకే.

అంతటితో అయిపోలేదు. ఆర్నెల్లకోసారి పరీక్ష చేసి సూది వేయడానికి క్లినిక్‌ తెరిచుండాలి, నర్సు ఉండాలి, ఆమెకి జీతం అందాలి. వీటిలో ఏది లేకపోయినా ఆ సున్నా నిలవదు.

నిన్న ఆఫీసులో ఓ కంప్లయింట్‌కి 'యూజర్‌ తప్పు' అని టైప్‌ చేయబోయి ఆగిపోయా. ఫోన్‌ చేసి అడిగా... 'మీకు ఎక్కడ ఇబ్బందవుతోందండీ?' అని.