పోయిన మేకల లెక్క ఊరి ముందు చదవాలి

తుఫాను వెళ్లాక పంట నష్టం మీద చర్చ జరుగుతుంది. పశువుల పరిహారం ఎవరికి అందిందో అడిగేవాళ్లు తక్కువ. సెంటు భూమి లేని దళిత కుటుంబానికి చాలాచోట్ల మేక, పంది, కోడే ఆస్తి. అందుకే ఈ మౌనాన్ని నేను కుల సమస్యగానే చూస్తాను.

సాగుకు భూమి ఒక్కటే చాలదని, పశువులు, పనిముట్లు కూడా పెట్టుబడేనని అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాలపై రాసిన వ్యాసంలో వాదించారు. భూమే లేనివాళ్లకు పశువే మొత్తం పెట్టుబడి.

భిలాయ్ సెక్టర్ 2లో ఉంటున్న మాలాంటి తెలుగు కుటుంబాలకు శ్రీకాకుళం ఊళ్లతో బంధం తెగలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అక్కడైనా, ఆర్‌బీసీ 6-4 కింద సాయమిచ్చే ఛత్తీస్‌గఢ్‌లోనైనా, పరిహారానికి ఆధారం కేంద్రం పెట్టిన విపత్తు సహాయ నిధి ప్రమాణాలే. 2022-26 ప్రమాణాల ప్రకారం పాడి ఆవుకు, గేదెకు రూ.37,500, మేక, గొర్రె, పందికి రూ.4,000, కోడికి రూ.100. కుటుంబానికి పెద్ద పాడిపశువులైతే మూడు, చిన్నవైతే ముప్పై వరకే.

కాగితం మీద ఇందులో కులం లేదు. అది రుజువు దగ్గర మొదలవుతుంది. పశువు చనిపోయిందని అధికారి ధ్రువీకరించాలి. వరదలో కొట్టుకుపోయిన మేక కళేబరాన్ని ఎక్కడినుంచి తెస్తారు? సగపాలుకు పెంచిన పశువు చస్తే డబ్బు యజమాని పేరున పడుతుంది, మేపినామెకు ఏమీ రాదు. లెక్క రాసేవాళ్లు ఊళ్లోనే ఆగిపోతే వాడ పేర్లు జాబితాకెక్కవు. 2004 సునామీ తర్వాత తమిళనాడులో, 2008 కోసీ వరదల తర్వాత బీహార్‌లో సహాయంలో జరిగిన వివక్షను దళిత సంఘాలు నమోదు చేశాయి.

సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం సబ్సిడీ పథకాల కేటాయింపులను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. మనకు తరచుగా కనిపించేది మాత్రం ఇన్ని పశువులు, ఇన్ని కోట్లు అనే మొత్తాలే. మిగిలిపోయిన మనిషి ఆ మొత్తంలో కనిపించదు.

వ్యక్తిగత గోప్యత మాటేమిటంటారా? 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని సెక్షన్ 8(1)(జె)ని మార్చింది. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను నంబర్లు బయటపెట్టకూడదన్నది న్యాయమే. పేరు పక్కన ‘పంది’ అని రాస్తే కులం తెలిసిపోతుందని కొందరు మిత్రుల భయం. ఊరికి తెలియని కులమేదీ లేదు. ఊరికి తెలియనిది ఎవరి డబ్బు ఎవరికి చేరిందన్నదే. పైగా ప్రజాప్రయోజనం పెద్దదైతే సమాచారం ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) ఇంకా ఉంది.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. పేరు, పశువు రకం, సంఖ్య, మొత్తం ఉన్న జాబితాను గ్రామసభలో చదివి, వాడలోనూ అంటించాలి. తిరస్కరించిన దరఖాస్తులను కారణాలతో సహా ప్రకటించాలి. సగపాలుకు పెంచేవాళ్ల పేరు వేరే గడిలో రాయాలి. ఎస్సీ, ఎస్టీలకు ఎంత చేరిందో మండలాల వారీగా చెప్పాలి. ఉపాధి హామీలో సోషల్ ఆడిట్ నడిపిన ఆంధ్రప్రదేశ్‌కు ఈ పని కొత్త కాదు.

పరిశోధక విద్యార్థులకు ఒక సూచన. తుఫాను తగిలిన ఒక మండలాన్ని ఎంచుకుని పరిహారం జాబితా కోసం దరఖాస్తు పెట్టండి. దాన్ని 2019 పశుగణనతో పోల్చండి. తర్వాత వాడకు వెళ్లి, జాబితాలో లేని ఇళ్లలో ఎన్ని మేకలు పోయాయో అడిగి రాసుకోండి.