పొలం అమ్మిన సొమ్ముపై వడ్డీ పోటు
అడ్వాన్సు పన్ను సంగతి తెలియక నష్టపోతున్న రైతులు

గుంటూరు: పట్టణాల శివార్లలో పొలాలు అమ్ముకున్న రైతుల ఇళ్లకు ఏడాది తిరిగేసరికి ఆదాయపు పన్ను శాఖ వారి తాఖీదులు రావడం పరిపాటి అయింది. వచ్చిన సొమ్ము అప్పులకూ, పిల్లల పెళ్లిళ్లకూ ఖర్చయిపోయిన తర్వాత పన్ను మాట అటుంచి, దానిపై వడ్డీ కూడా కట్టాలని తెలిసి రైతులు హతాశులవుతున్నారు. దీనిని చాలామంది జరిమానా అనుకుంటున్నారు. చట్టం దృష్టిలో ఇది జరిమానా కాదు, వడ్డీ. నేరమేదో చేశామని భయపడనవసరం లేదు. అయితే వడ్డీ గనుకనే బతిమాలితే పోయేది కూడా కాదు. దీనిని విధించి తీరవలసిందేనని సుప్రీంకోర్టు 2001లో స్పష్టం చేసింది.

అసలు ఈ వడ్డీ ఎందుకు పడుతున్నది? మూలంలో కోసుకున్నది పోగా ఏడాదికి 10 వేల రూపాయలు, అంతకు మించి పన్ను కట్టవలసిన వారు ఆ ఏడాదిలోనే దానిని ముందుగా చెల్లించాలి. దీనినే అడ్వాన్సు టాక్సు అంటారు. జూన్ 15 నాటికి 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు మొత్తం. ఉద్యోగికి జీతంలోనే కోత పడుతుంది, వ్యాపారికి ఆడిటరు ఉంటాడు. ఏనాడూ పన్ను ఎరుగని రైతుకు మాత్రం ఈ నాలుగు తేదీలు చెప్పేవారు లేరు. రిజిస్ట్రారు కార్యాలయంలో స్టాంపుల లెక్క పైసలతో సహా చెబుతారు గాని పన్ను ఊసు ఎవరూ ఎత్తరు. 30 లక్షలు, ఆపైన విలువ గల రిజిస్ట్రేషన్ల వివరాలు మాత్రం అక్కడి నుంచే పన్ను శాఖకు చేరుతున్నాయి.

అమ్మిన ప్రతి పొలానికీ పన్ను లేదు. ఇది మొదట తెలుసుకోవలసిన విషయం. పల్లెలోని సాగుభూమి అమ్మితే వచ్చే లాభం పన్ను పరిధిలోకి రాదు. చిక్కంతా పట్టణం పక్కన ఉన్న భూమితోనే. పది వేలకు మించి లక్ష వరకు జనాభా గల మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్ల లోపు భూమి పన్నుకు లోబడుతుంది. ఈ దూరాన్ని రోడ్డు వెంట కాక ఆకాశమార్గాన తిన్నగా కొలుస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన జిల్లాలో గుంటూరు, తెనాలి పట్టణాలకు 6 కిలోమీటర్లు, పొన్నూరుకు 2 కిలోమీటర్లు వర్తిస్తాయి. తెనాలికి ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు దూరంలో ఉన్న ఊరు కొలతలో ఆరు లోపు పడవచ్చు. తహసీల్దారు నుంచి దూరం తెలిపే ధ్రువపత్రం ముందే తీసుకుని దాచుకోవడం మంచిది.

పన్ను పడే భూమి అయితే లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. 8 లక్షలకు కొన్న చెక్కను ఒక రైతు 2026 జనవరిలో 48 లక్షలకు అమ్మాడనుకుందాం. లాభం 40 లక్షలు. వేరే ఆదాయం లేదు. కొత్త పద్ధతిలో మొదటి 4 లక్షలు మినహాయించి మిగిలిన 36 లక్షలపై పన్నెండున్నర శాతం, దానిపై 4 శాతం సెస్సు కలిపి పన్ను 4,68,000 రూపాయలు. 12 లక్షల వరకు పన్ను లేదని అందరూ విన్నదే. కాని ఆ రాయితీ ఈ లాభానికి వర్తించదు. చాలామంది మోసపోతున్నది ఇక్కడే.

ఈ సొమ్మును ఆ రైతు మార్చి 15లోగా కట్టి ఉంటే ఒక్క పైసా వడ్డీ లేదు. జనవరిలో అమ్మబోతున్నట్లు జూన్‌లో ఎవరికి తెలుస్తుంది? అందుకే భూమి లాభాలకు, లాటరీల వంటి వాటికి చట్టంలో వెసులుబాటు ఇచ్చారు. సొమ్ము వచ్చిన తర్వాత మిగిలిన వాయిదాలలో కట్టితే చాలు. మార్చి 15 దాటినా 31లోగా కట్టితే పెద్ద వడ్డీ తప్పుతుంది, వాయిదా తప్పినందుకు కొంత మాత్రం పడుతుంది. అదీ దాటితే ఏప్రిల్ 1 నుంచి నెలకు నూటికి రూపాయి. ఒక్క రోజు గడిచినా నెల కిందే లెక్క. రిటర్నుతో పాటు జూలై 31న కడదామనుకుంటే నాలుగు నెలలకు 18,720 రూపాయలు, దానికి తోడు వాయిదాల వడ్డీ. రిటర్నుల గడువు పొడిగించినా ఈ వడ్డీ ఆగదు. 2025లో గడువును సెప్టెంబరు 16 వరకు పెంచినప్పుడు, పన్ను కట్టడానికీ గడువు పెరిగిందనుకుని ఊరుకున్నవారికి రెండు నెలల వడ్డీ అదనంగా పడింది.

నూటికి రూపాయి వడ్డీ మన ఊళ్లలో చవకే కదా అని కొందరనవచ్చు. నిజమే. కాని సొమ్ము బ్యాంకులో ఊరికే పడి ఉండగా కట్టే వడ్డీ అది.

అరవై ఏళ్లు నిండినవారికి ఈ బెడద లేదు. వ్యాపార ఆదాయం లేకుంటే వారు అడ్వాన్సు పన్ను కట్టనక్కరలేదు. రిటర్ను వేసేలోపు, గడువు దాటకుండా పన్ను చెల్లిస్తే చాలు. తండ్రి పేరున ఉన్న పాసుపుస్తకాన్ని అమ్మకానికి ముందు హడావుడిగా కొడుకు పేరుకు మార్చేవారు ఈ సంగతి గమనించాలి. అలాగే తానో తల్లిదండ్రులో రెండేళ్లుగా సాగుచేసిన భూమిని అమ్మి, రెండేళ్లలో వేరేచోట సాగుభూమి కొంటే, కొన్నమేరకు లాభంపై పన్ను ఉండదు. రిటర్ను గడువులోగా కొనలేకపోతే ఆ సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్సెడ్ డిపాజిటు ఇందుకు పనికిరాదు.

ఇక భూసేకరణ నష్టపరిహారం సంగతి వేరు. 2013 చట్టం కింద ఇచ్చిన అవార్డుపై ఆదాయపు పన్ను లేదు. కాని కోర్టుకు వెళ్లి పెంచుకున్న పరిహారంపై ఏళ్ల తరబడి వడ్డీ కలిసి ఒక్కసారిగా వస్తుంది. అందిన ఏడాదే దానిని ఆదాయంగా చూపాలి, అందులో సగం మినహాయింపు. ఈ వడ్డీ విషయమై కోర్టులలో భిన్నమైన తీర్పులు ఉన్నందున పెద్ద మొత్తమైతే ఆడిటరును సంప్రదించక తప్పదు. 2025-26లో ఇటువంటి వడ్డీ 20 లక్షలు అందిన రైతుకు సగం పోగా 10 లక్షలే ఆదాయం. వేరే ఆదాయం లేకుంటే పన్ను సున్న. 10 శాతం చొప్పున ముందే కోసుకున్న 2 లక్షలు రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తాయి. పాన్ ఇవ్వనివారికి కోత 20 శాతం.

విచిత్రమేమంటే, లాటరీకి ఇచ్చిన వెసులుబాటును చట్టం ఈ కోర్టు వడ్డీకి ఇవ్వలేదు. కోత పడకుండా ఫిబ్రవరిలో చేతికందిన పెద్ద మొత్తానికి జూన్ వాయిదా ఎందుకు కట్టలేదని లెక్క వేస్తారు. ఇరవై ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగిన రైతు ఏ నెలలో తీర్పు వస్తుందో ఎలా చెప్పగలడు? ఇది సవరించవలసిన లోపమే. ప్రస్తుతానికి ఉన్న దారి ఒక్కటే. ముందుగా ఊహించలేని ఆదాయం వచ్చి, వచ్చిన వెంటనే పన్ను కట్టినవారికి వాయిదాల వడ్డీ తగ్గించే, మాఫీ చేసే అధికారాన్ని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2006 జూన్‌లో చీఫ్ కమిషనర్లకు ఇచ్చింది. 1961 చట్టం వర్తించే సంవత్సరాలకు తీర్పు నకలు, బ్యాంకు పుస్తకం జతచేసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాఫీ హక్కు కాదు, అధికారి విచక్షణ.

1961 చట్టంలో ఈ వడ్డీలు 234బి, 234సి సెక్షన్లుగా ఉన్నాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో సెక్షన్ల అంకెలు మారాయి గాని నాలుగు వాయిదాల పద్ధతి అలాగే ఉన్నది. తాఖీదు ఇప్పటికే అందినవారు రిటర్ను కోసం ఆగకుండా ఆ నెల చివరిలోగా సొమ్ము కట్టివేయాలి. ఒకటో తేదీ దాటితే ఇంకో నెల వడ్డీ పడుతుంది.